తెల్లకణముల పరిపాకము – జన్యువుల వంతులు

మనుష్యుని రక్తమందలి తెల్లకణములలో సాధారణముగా సగమునకు మించినవి న్యూట్రోఫిల్ కణములు. సూక్ష్మక్రిముల నెదుర్కొనుటలో ముందు నడచునవి ఇవియే. ఇవి ఎముకల మజ్జలో పుట్టి, పెక్కు దశలు గడచి రక్తమున ప్రవేశించును. అన్ని దశలయందును జన్యువులు అవియే. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయునన్నదే మారుచుండును.

ప్రోమైలోసైట్ దశలో మైలోపెరాక్సిడేస్ అను ఎన్జైమునకు సంబంధించిన జన్యువు మిక్కిలి చురుకుగా నుండును. అప్పుడేర్పడు కణికలలో ఆ ఎన్జైమే నిండును. తరువాతి మైలోసైట్ దశలో ఆ జన్యువు సద్దుమణిగి, లాక్టోఫెరిన్ జన్యువు మేల్కొనును. ఆ పిమ్మట జెలటినేస్ వంతు. కావున ఏ కణికలో ఏ మాంసకృత్తు చేరునన్నది ముఖ్యముగా అది తయారైన వేళను బట్టి యుండును. పరిపక్వ కణమునందు మైలోపెరాక్సిడేస్ పుష్కలముగా నున్నను, దాని జన్యువు పని మజ్జలోనే ముగిసినది. నిలువయున్న సరకును చూచి కార్ఖానా నడచుచున్నదని తలచుట ఇచ్చట పొరపాటు.

ఈ పరిపాకము నడుమ నిలిచినచో ప్రాణాపాయము. 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై రెండు జన్యువులు అతుకుకొనినప్పుడు, కణములు ప్రోమైలోసైట్ దశయందే ఆగిపోయి, అక్కడనే పెరిగి, ఒక తీవ్రమైన ల్యుకీమియా కలుగును. ఎ విటమిను జాతికి చెందిన రెటినోయిక్ ఆమ్లముతో దీనికి చేసిన చికిత్స ఫలితములను షాంఘై వైద్యులు 1988లో ప్రకటించిరి. విచిత్రమేమనగా, ఆ మందు ఆగిన కణములకు మిగిలిన దశలను నడిపించును. పరిపక్వమైన పిదప అవి తమంతట తామే నశించును. నేడు దీనిని ఆర్సెనిక్ ట్రయాక్సైడుతో కలిపి ఇచ్చుటచే రోగులలో అత్యధికులు స్వస్థులగుచున్నారు.