మీకు తెలుసా? ఆకాశానికి పూటకో రంగు!

పొద్దున లేత బంగారు రంగు, మిట్టమధ్యాహ్నం నీలం, పొద్దు వాలేవేళ ఎరుపు, ఆ తర్వాత ముదురు నీలం. సూర్యుడు ఒక్కడే, అతని వెలుగూ ఒక్కటే. మారేదల్లా ఆ వెలుగు మన కంటిని చేరేలోపు గాలిలో నడిచే దూరం, ఆ దారిలో దానికి ఎదురయ్యే అణువులు, ధూళి.

పగలు నీలమే ఎందుకు?
సూర్యకాంతి తెల్లగా కనిపించినా అందులో ఊదా నుంచి ఎరుపు దాకా అన్ని రంగులూ ఉన్నాయి. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు ఆ కాంతిని నలువైపులా చెదరగొడతాయి. దీన్నే కాంతి పరిక్షేపణం అంటారు. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ చెదరడం పెరుగుతుంది. ఈ లెక్కను 1871లో తేల్చినవారు, తర్వాత లార్డ్ రేలీగా పేరొందిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ విలియం స్ట్రట్. తరంగదైర్ఘ్యం సగమైతే చెదిరే కాంతి 16 రెట్లవుతుంది. ఆ లెక్కన 450 నానోమీటర్ల నీలం, 700 నానోమీటర్ల ఎరుపు కంటే దాదాపు 6 రెట్లు ఎక్కువగా చెదురుతుంది. అందుకే ఎటు తలెత్తినా నీలమే. గాలి లేని చందమామ మీద పట్టపగలు కూడా ఆకాశం నల్లగానే ఉంటుంది.

మరి ఊదా ఏమైంది?
ఊదా నీలం కంటే ఇంకా ఎక్కువగా చెదురుతుంది. అయితే సూర్యకాంతిలో దాని పాలు తక్కువ. మన కంటికి ఊదాను పట్టే శక్తి మరీ తక్కువ. చెదిరిన రంగులన్నీ కలిసి కంటికి చేరేసరికి మనకు నీలంగానే తోస్తాయి.

వాన వెలిశాక ఆకాశం మెరిసిపోతుందేం?
దుమ్ము కణాలు, మబ్బులోని నీటి తుంపరలు గాలి అణువుల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. మబ్బు తెల్లగా కనిపించడానికీ, దుమ్ము రేగిన వేసవి ఆకాశం పాలిపోవడానికీ కారణం ఇదే. వాన ఆ దుమ్మును కడిగేయగానే అసలు నీలం బయటపడుతుంది.

సాయంత్రం ఎరుపు ఎక్కడిది?
సూర్యుడు దిగంతాన్ని చేరినప్పుడు అతని కిరణాలు, నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. అంత దారిలో నీలం, ఆకుపచ్చ ఎక్కడికక్కడ చెదిరిపోతాయి. చివరిదాకా నిలిచేవి నారింజ, ఎరుపు. ఇంకో వింత: సూర్యబింబం అంచు దిగంతాన్ని తాకినట్టు కనిపించే సమయానికి నిజానికి సూర్యుడు కిందికి దిగిపోయే ఉంటాడు. గాలి కాంతిని వంచడం వల్ల ఇంకా పైనే ఉన్నట్టు కనిపిస్తాడు.

భూమి నీడను చూశారా?
సూర్యాస్తమయాన్ని చూసేవారంతా పడమటికే తిరుగుతారు. నిర్మలమైన సాయంత్రం, పొద్దు గుంకిన కాసేపటికి తూర్పు దిక్కున చూడండి. నేలకు ఆనుకుని బూడిద కలిసిన నీలిపట్టీ, దాని మీద గులాబీ పట్టీ కనిపిస్తాయి. కింది పట్టీ, గాలిలో పడిన మన భూమి నీడ. చీకటి పడేకొద్దీ అది పైకి లేస్తూ రాత్రిలో కలిసిపోతుంది.

మునిమాపువేళ నడినెత్తిన నీలం ఎవరిది?
సూర్యుడు దిగిపోయాక నడినెత్తిన పరుచుకునే ముదురు నీలానికి ముఖ్య కారణం ఓజోన్. ఏటవాలుగా వచ్చే కిరణాలు ఓజోన్ పొరలో చాలా దూరం నడుస్తాయి. ఓజోన్ వాటిలోని పసుపు, నారింజలను పీల్చేసుకుంటుంది. ఈ సంగతిని 1953లో లెక్కలతో చూపినవారు అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్. అంతకుముందు ఈ నీలాన్ని కూడా రేలీ ఖాతాలోనే వేసేవారు.

ఒంగోలులో పచ్చని సూర్యుడు!
1883 ఆగస్టు 27న జావా, సుమత్రా దీవుల నడుమ క్రాకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ తర్వాత సెప్టెంబరులో మద్రాసు, ఒంగోలు ప్రాంతాల్లో సూర్యుడు ఆకుపచ్చగా, నీలంగా కనిపించినట్టు అప్పటి పరిశీలకులు రాసిపెట్టారు. గాలిలో తేలుతూ వచ్చిన సన్నని కణాలు ఒకే తీరు పరిమాణంలో ఉంటే, మామూలుకు విరుద్ధంగా ఎరుపునే ఎక్కువగా చెదరగొడతాయి. అప్పుడు సూటిగా కంటికి చేరేది ఆకుపచ్చ, నీలం.

సముద్రం నీలం ఆకాశం పెట్టిన భిక్షా?
రేలీ అలాగే అనుకున్నారు. సి.వి. రామన్ ఒప్పుకోలేదు. ఆయన బాల్యం, పాఠశాల చదువు విశాఖ తీరంలోనే సాగాయి. తండ్రి అక్కడి మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. 1921లో ఓడ ప్రయాణంలో రామన్ నికోల్ పట్టకంతో నీటి మీది ప్రతిబింబాన్ని తొలగించి చూశారు. నీలం పోలేదు, మరింత స్పష్టమైంది. నీరు ఎరుపును పీల్చుకుంటుంది, నీటి అణువులు నీలాన్ని చెదరగొడతాయి. ఆ ప్రశ్న వెంట సాగిన పరిశోధనే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్‌కు దారితీసింది. ఆ రోజునే జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుకుంటున్నాం.

వెన్నెల రాత్రి ఆకాశం నల్లనా?
కాదు, నీలమే! చందమామది కూడా సూర్యుడి వెలుగే కాబట్టి అదీ అలాగే చెదురుతుంది. అయితే ఆ మసక వెలుగులో మన కంటిలోని రంగులు పట్టే కణాలు పనిచేయవు. కెమెరాను ఎక్కువసేపు తెరిచి ఉంచి ఫొటో తీస్తే నీలం తేటగా పడుతుంది.

అంగారకుడి మీద అంతా తలకిందులు
అక్కడి గాలి పీడనం మన దగ్గరి దానిలో నూరో వంతు కూడా లేదు. ఆకాశానికి రంగు పూసేది సన్నని ధూళే. పగలు ఆకాశం పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, సాయంత్రం సూర్యుడి చుట్టూ నీలం కమ్ముకుంటుంది. 2015లో క్యూరియాసిటీ రోవర్ ఆ నీలి సూర్యాస్తమయాన్ని రంగుల ఫొటోల్లో పంపింది.

ఇంట్లోనే చేసి చూడండి
గాజు గ్లాసులో నీళ్లు పోసి నాలుగైదు చుక్కల పాలు కలపండి. గది చీకటి చేసి ఒక పక్క నుంచి తెల్లని టార్చి వేయండి. పక్క నుంచి చూస్తే నీళ్లు లేత నీలంగా, ఎదురుగా నిలబడి చూస్తే టార్చి వెలుగు పసుపుగా కనిపిస్తాయి. ఇంకొన్ని చుక్కలు పాలు పోస్తే ఆ పసుపు నారింజలోకి తిరుగుతుంది. పిల్లల చేత చేయించండి, ఎందుకలా అని వాళ్లనే అడగండి.