స్టోరేజ్ పెట్టె ఆన్ కాకపోతే ఫొటోలు పోయినట్టేనా?

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు! అలాంటి వానలకు కరెంటు పోతూ వస్తూ ఉంటే, ఇంటిల్లిపాది ఫొటోలు దాచుకున్న నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె ఒక్కోసారి ఆన్ కాకుండా మొరాయిస్తుంది. అప్పుడేం చేయాలి?

అది నిజానికి ఓ చిన్న కంప్యూటర్. అడాప్టర్, బోర్డు, హార్డ్ డిస్కులు వేటికవే. ఫొటోలుండేది డిస్కుల్లో. పెట్టె పాడైనంత మాత్రాన అవి పోయినట్టు కాదు. ముందు అడాప్టర్ మార్చి చూడాలి. వోల్టేజి మాత్రం అదే ఉండాలి. 12 వోల్టుల పెట్టెకు 19 వోల్టులది గుచ్చితే బోర్డు కాలిపోవచ్చు.

అప్పటికీ ఆన్ కాకపోతే కరెంటు తీసేసి, ఏ డిస్కు ఏ అరలోదో 1, 2 అని చీటీలు అంటించి బయటికి తీయాలి. ఇలాంటి పెట్టెలు చాలావరకు లినక్స్‌తో నడుస్తాయి. అందుకే డిస్కులను లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి, ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరిస్తే ఫైళ్లు దొరికే అవకాశం ఎక్కువ. విండోస్‌కు ఆ అమరిక అర్థంకాదు, 'ఫార్మాట్ చేయాలా?' అని అడుగుతుంది. పొరపాటున కూడా సరే అనకండి.

వరదనీటిలో తడిసిన డిస్కు సంగతి వేరు. దానికి కరెంటు ఇవ్వొద్దు, ఎండబెట్టొద్దు, మూత విప్పొద్దు. లోపల గిర్రున తిరిగే పళ్లెం మీద, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో, చదివే హెడ్ తేలుతుంటుంది. బురద రేణువు ఒక్కటి అడ్డుపడినా పళ్లెం గీసుకుపోతుంది. దాన్ని డేటా రికవరీ నిపుణులకే అప్పగించాలి.

వానాకాలం రాకముందే ఫొటోల కాపీ ఒకటి వేరే ఊళ్లోని చుట్టాలింట్లో ఉంచండి.