ఇంగ్లీషు తరగతిలో శ్రవణ నైపుణ్యం: దృశ్య శ్రవణ మాధ్యమాల వినియోగం

కర్నూలు, కడప ప్రాంతాల్లో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులు చాలామంది ఇంగ్లీషు పాఠాన్ని చదివి అర్థం చేసుకోగలరు. అవే మాటలు ఎవరైనా మామూలు వేగంతో పలికితే తడబడతారు. 'నాకు ఇంగ్లీషు రాదు' అనుకొని ఇంటర్వ్యూలకు వెళ్లడమే మానేస్తారు. నిజానికి వారికి మాటలు తెలుసు. చెవికి పరిచయం లేదు.

దీనికి ఒక కారణం మన భాషలోనే ఉంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే 'బస్' మన నోట 'బస్సు' అయింది. ఇంగ్లీషులో చాలా మాటలు హల్లుతో ముగిసి, తరువాతి మాటలోని అచ్చుతో కలిసిపోతాయి. 'టర్న్ ఇట్ ఆఫ్' అన్నది 'టర్నిటాఫ్' అని వినిపిస్తుంది. సంధి సూత్రాలు కంఠస్థం చేసిన మనకు ఇది వింత కాకూడదు. కాని ఇంగ్లీషు పుస్తకంలో ఈ కలయికను రాసి చూపరు కదా! వినవలసిందే.

వినిపించే సాధనాలు మనకు కొత్తవి కావు. కడప ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. అయితే ప్రసారాన్ని ఆపి, అర్థంకాని మాటను మళ్లీ వినే వీలు అప్పుడు లేదు. ఇప్పుడు మీ చేతిలోని ఫోన్‌కు ఆ వీలుంది. నా దృష్టిలో అసలు లాభం అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. మన రైల్వే స్టేషన్లలో ఒకే సమాచారాన్ని తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషల్లో ప్రకటిస్తారు. దానిని రికార్డు చేసుకోండి. బండి నంబరు ఎంత, ఏ ప్లాట్‌ఫాం, ఎంత ఆలస్యం అనే ప్రశ్నలను ముందే బోర్డుపై రాయండి. తరువాత ఇంగ్లీషు ప్రకటనను మాత్రమే రెండుసార్లు వినిపించండి. చివరగా తెలుగు ప్రకటన వినిపిస్తే, ఎవరి జవాబు వారే సరిచూసుకుంటారు.

వీడియో విషయంలో జాగ్రత్త అవసరం. బొమ్మ సాయపడుతుంది, మోసమూ చేస్తుంది. చూసి కథ ఊహించిన విద్యార్థి విన్నానని భ్రమపడతాడు. ఉపశీర్షికలుంటే అది పఠనమవుతుంది. కాబట్టి రెండు నిమిషాల భాగాన్ని ముందు ధ్వనితో మాత్రమే, తరువాత దృశ్యంతో, ఆఖరున ఉపశీర్షికలతో చూపండి.

తప్పు జవాబులను కొట్టివేసి ఊరుకోకండి. 'ఫిఫ్టీన్' అన్నచోట పలువురు 'ఫిఫ్టీ' అని రాస్తే, ఆ ఒక్క మాట దగ్గరకే వెనక్కి వెళ్లి, ఊనిక మాట మొదట పడిందా, చివర పడిందా అని అడిగి మళ్లీ వినిపించండి.