శంషాబాద్ ప్రాంతంలో వెల్లుల్లి సాగు: వానకూ ఎండకూ నడుమ నాటు సమయం

వెల్లుల్లి చల్లని వాతావరణాన్ని కోరే పంట. ఆకులు పెరిగే దశలో చల్లదనం, గడ్డ ఊరే దశలో క్రమంగా పెరిగే పగటి నిడివి, కోత సమయంలో పొడి వాతావరణం దీనికి అనుకూలం. శంషాబాద్, రాజేంద్రనగర్ పరిసరాలలో సాలీనా సుమారు 800 మి.మీ. వర్షం కురుస్తుంది. అందులో అధిక భాగం జూన్ నుండి అక్టోబరు లోపే పడుతుంది. కావున ఇచ్చట సమస్య వర్షపాతం పరిమాణం కాదు, అది కురిసే కాలం.

వెల్లుల్లి వేళ్లు నేల పైపొరలోనే వ్యాపిస్తాయి. మడిలో నీరు నిలిచినచో వేళ్లకు గాలి అందక, నాటిన రెబ్బలు మొలకెత్తక ముందే కుళ్లిపోతాయి. మొలచిన పైరుపై ఆకుల తడి ఆరనిచో ఊదా మచ్చ తెగులు ఆశిస్తుంది. ఎకరాకు 200 నుండి 250 కిలోల రెబ్బలు అవసరం. సాగు ఖర్చులో విత్తనానిదే పెద్ద వాటా. ఒక్క వానకు నాటు చెడినచో ఆ పెట్టుబడి తిరిగి రాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాద్ పరిసరాలలో కురిసిన కుంభవృష్టి, నైరుతి రుతుపవనాల చివరి దశను తేలికగా తీసుకోరాదని చాటింది.

అట్లని నాటును డిసెంబరు వరకు వాయిదా వేయుటయూ నష్టమే. పంటకాలం 120 నుండి 135 రోజులు. ఆలస్యమైనచో గడ్డ ఊరే దశ మార్చిలో పడుతుంది. అప్పటికి పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆకులు చాలినన్ని ఏర్పడక ముందే పైరు పండుబారి, గడ్డలు చిన్నవిగా మిగులుతాయి. కోత ఏప్రిల్‌లో అకాల వర్షాలకు, వడగండ్లకు చిక్కే ప్రమాదమూ ఉంది. అందుచేత అక్టోబరు రెండవ పక్షం నుండి నవంబరు మొదటి పక్షం వరకే అనువైన సమయం.

ఈ కొద్ది వ్యవధిని వినియోగించుకొనుటకు ముందే నేలను సిద్ధం చేయాలి. 120 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు గల మడులు కట్టి, నడుమ 45 సెం.మీ. కాలువలు తీసి, వాటిని పొలం వాలు వైపునకు కలపాలి. రెబ్బల మొన పైకి ఉండునట్లు 15 × 10 సెం.మీ. దూరంలో, 2–3 సెం.మీ. లోతున నాటాలి. ఎర్ర నేలలలో వాన తరువాత ఏర్పడే పైపెచ్చును తేలికగా కదిలించాలి. పర్వత ప్రాంతాల దీర్ఘ పగటి రకాలు ఇచ్చట సరిగా గడ్డ కట్టవు. రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ రూపొందించిన భీమా పర్పుల్ వంటి మైదాన రకాలను ఎంచుకోవాలి. కోతకు 10–15 రోజుల ముందు నీరు ఆపి, పీకిన గడ్డలను నీడలో ఆరబెట్టాలి.

“ఏ తేదీన నాటాలి?” అని రైతు అడిగినపుడు విస్తరణ శాస్త్రవేత్త క్యాలెండరును మాత్రమే చూపరాదు. రానున్న ఐదు రోజుల వాతావరణ సూచనను, మడిలోని తేమను, నీరు బయటకు పోవు దారిని పరిశీలించి చెప్పిన సమాధానమే రైతు విత్తనాన్ని కాపాడుతుంది.