బండికి వయసైపోయిందా... బ్యాటరీకా?

ఇంజిన్ కిక్కురుమనదు. ఏసీ చల్లగానే ఉంది. సీట్లు చిరగలేదు. అయినా ఓ రోజు పొద్దున్నే డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి త్రికోణం వెలుగుతుంది. మెకానిక్ కంప్యూటర్ తగిలించి చూసి 'పి0ఎ80' అంటాడు. మన భాషలో చెప్పాలంటే, హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చాల్సిన సమయం వచ్చిందని! ఖర్చెంతో తెలిశాక గుండె జారుతుంది. పాత బండి మొత్తం అమ్మినా అంత వస్తుందో రాదో. దాంతో చాలామంది అయినకాడికి వదిలించుకుందాం అనుకుంటారు.

కాస్త ఆగండి. పోయింది నిజంగా బ్యాటరీ అంతానా, అందులో ఓ చిన్న ముక్కా? ముందు తేల్చుకోవాల్సింది అదే.

ఈ సమస్యను అందరికంటే ఎక్కువగా చూసింది అమెరికాలోని టయోటా ప్రియస్ యజమానులు. 1997 డిసెంబరులో జపాన్‌లో మొదలైన ఈ కారు 2000లో అమెరికా చేరింది. ఒక్కరే ఉన్నా కార్‌పూల్ వరసలో వెళ్లొచ్చంటూ కాలిఫోర్నియా హైబ్రిడ్‌లకు పసుపు స్టిక్కర్లు ఇచ్చింది. 2011 జులైలో ఆ సౌకర్యం ఆగిపోయేదాకా ఆఫీసులకు వెళ్లేవాళ్లకు, అక్కడి మన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకూ ప్రియస్ మీద మోజు పెరగడానికి అదీ ఓ కారణమే. ఆనాటి బండ్లన్నీ ఇప్పుడు బ్యాటరీ మార్చే వయసు దాటినవే.

28 ముక్కల పెట్టె

రెండో తరం ప్రియస్‌లో వెనక సీటు వెనకాల ఉండే పెట్టెలో 28 మాడ్యూళ్లు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కో దాంట్లో 1.2 వోల్టుల సెల్స్ ఆరు. అంటే మాడ్యూల్‌కు 7.2 వోల్టులు, అన్నీ కలిస్తే 201.6 వోల్టులు. అన్నీ ఒకదానికొకటి తగిలించి ఉంటాయి కాబట్టి ఒక్కటి నీరసించినా చిక్కే. జోడెడ్లలో ఒకటి కుంటితే రెండోది ఎంత బలంగా ఉన్నా బండి నడక కుంటిదాని వేగమే కదా! కారు కంప్యూటర్ వీటిని రెండేసి చొప్పున 14 జతలుగా గమనిస్తుంటుంది. ఏ జతకైనా మిగతావాటితో తేడా ఎక్కువైతే ఎర్ర త్రికోణం వెలిగిస్తుంది.

అలాగని ఇవి అల్పాయుష్షువి కావు. కంప్యూటర్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ కానివ్వదు, పూర్తిగా నింపదు. ఇంచుమించు 40 నుంచి 80 శాతం మధ్యే ఆడిస్తుంది. 2011లో 'కన్జ్యూమర్ రిపోర్ట్స్' పత్రిక 2002 నాటి ప్రియస్‌ను పరీక్షించింది. అది అప్పటికే మూడు లక్షల కిలోమీటర్లు దాటేసింది. గ్యాలన్‌కు 40.4 మైళ్లు ఇచ్చింది. అదే మోడల్ కొత్తదాన్ని పరీక్షించినప్పుడు వచ్చింది 40.6 మైళ్లు!

ముందు వీటిని చూడండి

బ్యాటరీకి పెద్ద శత్రువు వేడి. దాన్ని చల్లబరిచే ఫ్యాన్ గాలి పీల్చే జాలీ వెనక సీటు పక్కనే ఉంటుంది. దానికి అడ్డంగా సంచులు పెట్టినా, లోపల దుమ్మూ కుక్క వెంట్రుకలూ పేరుకున్నా బ్యాటరీ ఉడికిపోతుంది. ఫ్యాన్ హోరు పెరిగిందంటే అదో హెచ్చరిక.

బండి స్టార్ట్ కాకపోతే పెద్ద బ్యాటరీనే అనుమానించనక్కర్లేదు. కంప్యూటర్లను లేపే 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరే ఉంటుంది. చాలాసార్లు దొంగ అదే. మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీలకు చిలుము పట్టినా రీడింగులు తప్పుగా రావచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ప్యాక్ మాట ఎత్తాలి.

మూడు దారులు

మొదటిది, పాడైన మాడ్యూల్ ఒక్కటే మార్చడం. అమెరికాలో పాత మాడ్యూల్ యాభై డాలర్లలోపే దొరుకుతుంది. చవకే. కానీ మిగిలిన 27 కూడా అదే వయసువి. పాత పెంకుటింట్లో ఓ చోట పెంకు సర్దితే మరోచోట కారినట్టు, కొన్ని నెలలకే ఇంకోటి మొరాయిస్తుంది. ఆరు నెలల్లో బండి మార్చేసేవారికి సరిపోవచ్చు.

రెండోది, పాత మాడ్యూళ్లనే పరీక్షించి, ఒకే శక్తి ఉన్నవి ఏరి కూర్చిన ప్యాక్. ధర మధ్యస్థం. ఇక్కడ అసలు ప్రశ్న వారంటీ. మళ్లీ పాడైతే కొత్తది ఇస్తారా? బిగించే కూలి ఎవరు భరిస్తారు? రాతపూర్వకంగా తీసుకోవాలి.

మూడోది, సరికొత్త ప్యాక్. వేల డాలర్లలో ఖర్చు. బండిని ఇంకో అయిదారేళ్లు వాడాలనుకునేవారికి ఇదే మేలు. పాత ప్యాక్ తిరిగిచ్చేస్తే కొంత సొమ్ము వెనక్కి వస్తుంది. అందులోని నికెల్‌ను మళ్లీ వాడుకుంటారు.

లెక్క వేసేటప్పుడు బ్యాటరీ ఖర్చును పాత బండి ధరతో పోల్చకండి. బండి ఇంకెన్నేళ్లు నడుస్తుందో ఆ ఏళ్లతో భాగించండి. కొత్త కారు వాయిదాలతో పోల్చండి. ఇంజిన్ నూనె తాగుతున్నా, అడుగు తుప్పు పట్టినా ఆ బండికి కొత్త బ్యాటరీ దండగ.

ఒక మాట. వీడియో చూసి ఇంట్లో ప్రయోగాలు వద్దు. నారింజ రంగు తీగల్లో ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది. నిపుణులు కూడా వెయ్యి వోల్టులకు తట్టుకునే గ్లౌజులు వేసుకుని, సర్వీసు ప్లగ్ తీసి, పది నిమిషాలు ఆగాకే చెయ్యి పెడతారు. ప్లగ్ తీసినా ప్యాక్ లోపల కరెంటు ఉంటూనే ఉంటుంది.

మన సంగతి?

మన దేశంలోకి 2008లో సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చాయి. ధర చూసి జనం దూరంగానే ఉండిపోయారు. అసలు జోరు 2022లో మొదలైంది. గ్రాండ్ విటారా, హైరైడర్, సిటీ హైబ్రిడ్, ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ వచ్చాయి. హైక్రాస్‌ది ప్రియస్ తరహా నికెల్ బ్యాటరీ. హైరైడర్‌ది లిథియం. టయోటా ఇక్కడ హైబ్రిడ్ బ్యాటరీకి ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అంటే 2022లో కొన్న బండికి 2030తో గడువు తీరుతుంది. ట్యాక్సీగా తిప్పితే ఇంకా ముందే!

సెకండ్‌హ్యాండ్‌లో హైబ్రిడ్ కొంటున్నారా? మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, తిరిగిన కిలోమీటర్లు చూసి వారంటీ ఎంత మిగిలిందో లెక్కేయండి. కంపెనీ సర్వీసు సెంటర్‌లో హైబ్రిడ్ బ్యాటరీని పరీక్షించి ఇచ్చిన కాగితం అడగండి. అమ్మేవాళ్లు 'అదెందుకండీ, బండి బ్రహ్మాండంగా ఉంది' అంటే... బేరం అక్కడే ఆపి, ఆ పరీక్ష మీరే చేయించండి.