తీరం దొరికింది.. ఈత మిగిలింది

డర్బన్ (దక్షిణాఫ్రికా): ఆదివారం పదకొండు దాటిందంటే బ్లూ లగూన్ దగ్గర కారు ఆపడానికి జాగా దొరకదు. ఉమ్గేని నది హిందూ మహాసముద్రంలో కలిసే చోటు అది. ఒక పక్క గాలాలు వేసుకుని కూర్చున్న వాళ్లు, ఇంకో పక్క డిక్కీలోంచి బిర్యానీ గిన్నెలు దింపుతున్న కుటుంబాలు, మధ్యలో పావు రొట్టె తొలిచి కూర నింపిన బన్నీ చౌ పొట్లాలు. తాతలు మడత కుర్చీల్లో, అమ్మమ్మలు చాపల మీద, పిల్లలు ఇసుకలో. నాయుళ్లు, రెడ్ల ఇళ్ల నాలుగో తరం, ఐదో తరం వాళ్లు ఇక్కడే కనిపిస్తారు. రెండేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి ఉద్యోగానికి వచ్చిన జంటా ఇక్కడే కనిపిస్తుంది. ఒకరు ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడతారు, మరొకరు తెలుగు. ఆవకాయ దగ్గర మాత్రం ఇద్దరికీ ఒకే భాష.

ఇంతమందిలో నీళ్లలోకి దిగేది ఎంతమందో కాసేపు నిలబడి చూడండి. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ల దాకా తడిసి వెనక్కి వచ్చేస్తాం. ఫొటో దిగుతాం. పిల్లలు ఇంకాస్త లోపలికి వెళ్తే కేకలేస్తాం. ఈత వచ్చినవాళ్లు తక్కువ. ఆ తక్కువకి ఒక చరిత్ర ఉంది.

అదే తేదీ.. 129 ఏళ్ల తేడా

మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో వచ్చినవాళ్లు చెరకు తోటల కోసం తెచ్చిన తొలి ఒప్పంద కూలీలు. 1911 దాకా అలా వచ్చినవారు లక్షా యాభై రెండు వేల పైచిలుకు. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు మీదుగా వచ్చారు. వాళ్లలో విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు. అంటే మన వాళ్లలో చాలామందికి సముద్రం కొత్త కాదు.

ఒప్పందం గడువు తీరాక కొందరు చేపల వేటకు దిగారు. డర్బన్ రేవులోని సాలిస్బరీ దీవి మీద ఇళ్లు కట్టుకుని పడవలు, వలలతో బతికారు. మన కోస్తాలో అలివి వల అంటామే, ఒక కొస ఒడ్డున ఉంచి, రెండో కొసను పడవ మీద చుట్టూ తిప్పి తెచ్చి, రెండు పక్కలా నిలబడి లాగే ఆ వల లాంటిదే వాళ్ల వల కూడా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ దీవిని నౌకాదళానికి తీసుకున్నారు. వేటగాళ్లు అవతలి ఒడ్డుకు, బ్లఫ్ వైపు ఫిన్‌ల్యాండ్స్‌కు మారారు. తరవాత జాతుల వారీగా నివాసాలను వేరు చేసిన చట్టం కింద అక్కడి నుంచీ కదలాల్సి వచ్చింది.

నగరం నడిబొడ్డున మరో కథ నడిచింది. మునిసిపాలిటీలో పారిశుద్ధ్య పనులు చేసే భారతీయ కూలీల కోసం సోమ్ట్సూ రోడ్డు పక్కన మ్యాగజీన్ బ్యారక్స్ ఉండేవి. ఇరుకు గదులు, తమిళ, తెలుగు కుటుంబాలు, గుడి, పండగలు. సముద్రం నడక దూరం. 1960ల్లో ఆ బ్యారక్స్ ఖాళీ చేయించి జనాన్ని చాట్స్‌వర్త్‌కు పంపించారు. చాట్స్‌వర్త్ నుంచి బీచ్‌కు రావాలంటే బస్సు ఎక్కాలి, చార్జీ పెట్టుకోవాలి, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి వెళ్లాలి. బిర్యానీ గిన్నెతో సహా రావడమన్న అలవాటు అక్కడే బలపడి ఉంటుందని నాకనిపిస్తుంది. అంత దూరం వచ్చాక ఒక పూట తిండైనా అక్కడే తినాలి కదా.

వచ్చినా ఎక్కడ పడితే అక్కడ దిగడానికి లేదు. 1953లో సౌకర్యాల వేర్పాటు చట్టం తెచ్చారు. 1960లో చేసిన సవరణతో అది సముద్ర తీరానికీ వర్తించింది. అడింగ్టన్ నుంచి బే ఆఫ్ ప్లెంటీ దాకా ఈతకు అనువైన తీరం తెల్లవారికే. భారతీయులకు బ్యాటరీ బీచ్ వైపు ఒక ముక్క. ఆఫ్రికన్లకు ఇంకా దూరంగా మరొకటి. ఇంగ్లిష్, ఆఫ్రికాన్స్, జులు భాషల్లో బోర్డులు పాతి మరీ చెప్పారు. మన పిల్లలు చదివే బడుల్లో ఈతకొలను అన్నది అరుదు. సముద్రమా, అది బోర్డు అవతల. మరి ఈత ఎక్కడ నేర్చుకుంటారు? నేర్చుకోని తల్లిదండ్రులు పిల్లలకు నేర్పగలిగింది భయం ఒక్కటే. ఆ భయం తరం తరవాత తరానికి జాగ్రత్తగా అందింది.

కొన్ని బీచ్‌లు కాస్త ముందే తెరుచుకున్నా, 1989లో ఉద్యమకారులు మిగిలిన బోర్డులను ధిక్కరించి నీళ్లలోకి నడిచారు. అదే ఏడాది నవంబరు 16న అధ్యక్షుడు డి క్లెర్క్ దేశంలోని బీచ్‌లన్నీ అందరికీ తెరుస్తున్నట్టు ప్రకటించారు. ట్రూరో వచ్చిన తేదీ అదే. కావాలని పెట్టిన ముహూర్తం కాదు గానీ, డర్బన్ భారతీయులకు ఆ లెక్క గుర్తుండాల్సిందే. ఒడ్డుకు చేరిన 129 ఏళ్లకు ఒడ్డంతా మనది కూడా అయింది.

ఇప్పుడు ఎలా ఉందంటే..

రేవు ముఖద్వారం నుంచి బ్లూ లగూన్ దాకా దాదాపు 8 కిలోమీటర్ల ప్రొమెనేడ్. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ముందు వెడల్పు చేశారు, తరవాత రేవు వైపు పొడిగించారు. డబ్బు ఖర్చు లేకుండా పూట గడపాలంటే ఈ నగరంలో ఇంతకు మించిన చోటు లేదు. తెల్లారకముందే నడిచేవాళ్లు, సైకిళ్లు, శనివారం ఉదయం నార్త్ బీచ్‌లో పార్క్‌రన్. అయిదు కిలోమీటర్లు, రుసుము లేదు, పరుగెత్తకుండా నడిచినా ఎవరూ ఏమీ అనరు. కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఊళ్లో నలుగురితో పరిచయం కావాలంటే సంఘం సమావేశం కన్నా ఇదే దగ్గర దారి.

పూసల తలపాగాలు, కొమ్ములతో రిక్షా లాగే జులు కళాకారులు, ఇసుకతో సింహాలు, కోటలు కట్టే కుర్రాళ్లు, దక్షిణం కొసన 2004లో మొదలైన ఉషాకా మెరైన్ వరల్డ్. ఇవన్నీ ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడు ఎలాగూ చూపిస్తాం.

ఇదే తీరం మన పూజలకూ చోటే. ఉమ్గేని ముఖద్వారం దగ్గర అస్థికలు కలుపుతారు, దీపాలు వదులుతారు. పాత డ్రైవ్-ఇన్ మైదానంలో దీపావళి ఉత్సవాలు జరుగుతాయి. ఇక్కడ రుతువులు తలకిందులు కాబట్టి కార్తిక స్నానానికి చలి బాధ లేదు, సంక్రాంతి నడి వేసవిలో వస్తుంది. కొబ్బరికాయ, పూలు సముద్రం తీసుకుంటుంది. ప్లాస్టిక్ సంచి, ప్లాస్టిక్ పళ్లెం తీసుకోదు, మర్నాడు అదే ఒడ్డుకు తెచ్చి పడేస్తుంది. పూజ సామాన్లు తెచ్చిన సంచిలోనే ఖాళీ కవర్లు తిరిగి పట్టుకెళ్తే చాలు.

జూన్, జులై నెలల్లో ఇంకో సంబరం. కేప్ వైపు నుంచి కవళ్ల గుంపులు, అంటే ఇక్కడ సార్డీన్లు, చల్లటి నీటితో పాటు తీరం వెంట పైకి వస్తాయి. ఆకాశంలో పక్షులు గుంపుగా మునిగి లేస్తున్నాయంటే వలలు సిద్ధం. పాత వేటగాళ్ల కుటుంబాల వాళ్లు ఇప్పటికీ ఒడ్డు నుంచి వల లాగుతారు. జనం బకెట్లతో పరుగెత్తుతారు. ఆ రాత్రి చాట్స్‌వర్త్, ఫీనిక్స్ వీధుల్లో మసాలా పట్టించిన వేపుడు వాసన. ఒక్క మాట, ఆ రోజుల్లో చేపల వెనకే సొరచేపలూ వస్తాయి. మామూలు రోజుల్లో తీరానికి దూరంగా సొరచేపల వలలు ఉంటాయి. డర్బన్‌లో 1952 నుంచే వేస్తున్నారు. కవళ్లు వచ్చే సమయంలో వాటిని తీసేస్తారు, స్నానాలూ ఆపేస్తారు. చేపలు పట్టడం చూడండి, నీళ్లలో మాత్రం దిగకండి.

నీళ్లు బాగున్నాయా?

2022 ఏప్రిల్‌లో వచ్చిన వరదలను డర్బన్‌లో ఉన్న ఎవరూ మరచిపోరు. 400 మందికి పైగా చనిపోయారు. మురుగు శుద్ధి కేంద్రాలు, పంపులు దెబ్బతిన్నాయి. మురుగు నేరుగా నదుల్లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి వెళ్లింది. ఈ-కోలి బ్యాక్టీరియా ఎక్కువగా ఉందని బీచ్‌లు నెలల తరబడి మూశారు. తరవాత తెరిచారు, మళ్లీ కొన్నింటిని మూశారు, మళ్లీ తెరిచారు. ఈ మూయడాలు తెరవడాలతో జనానికి విసుగొచ్చిన మాట నిజం. అలాగని పరీక్షల ఫలితాలు చూడకుండా పిల్లల్ని దించడం తెలివైన పని కాదు. పెద్ద వాన పడ్డాక రెండు మూడు రోజులు నదీ ముఖద్వారాల దగ్గర నీళ్లలోకి దిగకపోవడం మంచిది. నీళ్లు గోధుమ రంగులో కనిపిస్తే పరీక్ష కూడా అక్కర్లేదు. మనకెంతో ఇష్టమైన బ్లూ లగూన్ నదీ ముఖద్వారమే కాబట్టి, అది తినడానికి, కూర్చోవడానికి, గాలం వేయడానికి మంచి చోటు. ఈతకు కాదు.

అదే 2022 డిసెంబరు 17న బే ఆఫ్ ప్లెంటీ దగ్గర ఒక పెద్ద అల స్నానాలు చేస్తున్నవాళ్లను పియర్ గోడ వైపు విసిరేసింది. ముగ్గురు చనిపోయారు, మరెందరో గాయపడ్డారు. సెలవుల్లో కిక్కిరిసిన తీరం అది. లైఫ్‌గార్డులు ఉన్నారు కాబట్టి చాలామంది బయటపడ్డారు.

బావి ఈత సముద్రంలో పనికిరాదు

మన ఊళ్లలో నడుముకు బెండ్లు కట్టుకుని దిగుడుబావిలో ఈత నేర్చుకున్న నాన్నలు కొందరుంటారు. వాళ్లతోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. బావి నీళ్లు కదలవు. సముద్రం కదులుతుంది, మనల్నీ కదిలిస్తుంది. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఒకచోట సన్నటి పాయగా మళ్లీ లోపలికి పోతుంది. రిప్ కరెంట్ అనేది అదే. చిత్రమేమంటే, పైనుంచి చూస్తే అక్కడే అలలు తక్కువగా, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. పిల్లలకు ఇదే బాగుందని అక్కడే దించుతాం. పియర్ల పక్కన ఈ పాయలు ఎక్కువ.

అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదకూడదు. ఎంత గజ ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తాలి. ఓపికుంటే తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక అలలతో పాటు ఒడ్డుకు రావాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకేయడం మన వాళ్లకు అలవాటు. తమ్ముడి కోసం అన్న, అన్న కోసం నాన్న. విశాఖ ఆర్కే బీచ్ నుంచి వచ్చే విషాద వార్తల్లోనూ ఇదే వరస చదువుతుంటాం. దూకడం కాదు, లైఫ్‌గార్డును పిలవాలి. తేలే వస్తువేదైనా, బంతో, ఖాళీ ఐస్ బాక్సో, విసరాలి.

చీర, సల్వార్, జీన్స్‌తో నడుము లోతుకు వెళ్లకపోవడమే మేలు. తడిసిన బట్ట కాళ్లకు చుట్టుకుంటుంది, బరువెక్కుతుంది. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు దొరుకుతున్నాయి. బిడియపడే అమ్మమ్మలకు కూడా సరిపోతాయి.

అసలు నేర్చుకోవడానికి నగరంలో దారులున్నాయి. నార్త్ బీచ్ ఒడ్డునే రేచెల్ ఫిన్లేసన్ ఉప్పునీటి కొలను, కింగ్స్ పార్క్ కొలను మునిసిపాలిటీవి. మరమ్మతుల కోసం అప్పుడప్పుడు మూస్తారు కాబట్టి కనుక్కుని వెళ్లాలి. ఈత వచ్చిన పిల్లలకు సర్ఫ్ లైఫ్‌సేవింగ్ క్లబ్బులు 'నిప్పర్స్' శిక్షణ ఇస్తాయి. అలలను చదవడం, బోర్డు మీద వెళ్లడం, మునుగుతున్నవాళ్లను గుర్తించడం అందులో ఉంటాయి. మన పిల్లలను కూచిపూడికి, గణితానికి, తెలుగు తరగతికి తీసుకెళ్లే తల్లిదండ్రులు వారంలో ఒక గంట దీనికీ ఇవ్వొచ్చు. అసలు తామూ చేరితే ఇంకా బాగుంటుంది. నలభై దాటాక ఈత నేర్చుకోవడం సిగ్గుపడే పని కాదు. ఇక్కడి పెద్దలకు ఇరవై ఏళ్ల వయసులో ఆ అవకాశమే ఇవ్వలేదు. మన సంఘాలు ఏటా ఉగాదికి, దీపావళికి హాలు అద్దెకు తీసుకున్నట్టే, ఒక కొలనులో శనివారం ఒక గంట మాట్లాడుకుంటే ఆడవాళ్లకు ప్రత్యేకంగా తరగతి పెట్టడం కష్టమేమీ కాదు.

డిసెంబరు 16 సెలవు నుంచి జనవరి 1 దాకా తీరమంతా జనమే. లోపలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు సీసాల్లో సముద్రపు నీళ్లు పట్టుకెళ్తారు. ఆ రద్దీలో పిల్లలు తప్పిపోవడం మామూలే. అందుకే బీచ్‌లో పిల్లల మణికట్టుకు పెద్దల ఫోన్ నంబరు రాసిన పట్టీ కడతారు. అడిగి కట్టించుకోండి. భారత్ నంబరు కాకుండా ఇక్కడి నంబరు రాయించండి. దిగేది మాత్రం ఎరుపు, పసుపు జెండాల మధ్యనే. ఆ జెండాలు నిన్న ఉన్నచోట ఇవాళ ఉండవు. ఆ రోజు నీటి తీరును బట్టి లైఫ్‌గార్డులు వాటిని జరుపుతారు, భోజనానికి ముందు ఒకచోట ఉన్నవి తరవాత మరోచోట కనిపించవచ్చు.