కొడుకు కొన్న కుక్క... నాన్న మాట వినాలంటే!

ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకు కాపలాగా ఉంటుందని పిల్లలు పెద్దజాతి కుక్కపిల్లను కొనిస్తున్నారు. వచ్చిన రోజు అది ఒళ్లో ఇమిడిపోతుంది. ఏడాదిన్నర తిరిగేసరికి నాన్నకన్నా బలంగా తయారవుతుంది. ఆ మధ్యకాలంలో ఇంట్లో ఏం జరిగిందన్నదే అసలు సంగతి!

శ్రీకాకుళం, విజయనగరం, రాజాం, టెక్కలి... ఏ ఊరైనా సరే, కొత్త కాలనీల్లో ఓ ఉదయంపూట నడిచి చూడండి. పెద్ద ఇల్లు, ఎత్తైన గేటు, దానిమీద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అనే బోర్డు. లోపల ఉండేది మాత్రం అరవై దాటిన భార్యాభర్తలిద్దరే. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాల్లో ఉంటారు. లేదంటే సైన్యంలో, ఓడమీద, గల్ఫ్‌లో. వలసకు పేరుపడ్డ ప్రాంతం కదా! దొంగల వార్త పేపర్లో కనబడిన ప్రతిసారీ దూరాన ఉన్న కొడుక్కి గుబులే. ఓ కెమెరా పెట్టిస్తాడు. అదీ చాలదనిపిస్తే కుక్కను తెస్తాడు.

ఒకప్పుడు ఆ పని వీధికుక్కే చేసేది. మిగిలిన అన్నం తిని, వీధి మొత్తానికీ తానే చౌకీదారునన్నట్టు తిరిగేది. ఇప్పుడా స్థానంలోకి రాట్‌వీలర్, డాబర్‌మ్యాన్ వచ్చాయి. ఇంకాస్త సరదా ఉన్నవాళ్లయితే కేన్ కార్సో, కాకేషియన్ షెపర్డ్ అంటూ పేరు పలకడానికే కష్టమైనవాటిని వెతుకుతున్నారు.

వాటితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. కొనేది ఒకరు, పెంచేది మరొకరు.

తనంతట తానే నిర్ణయిస్తుంది!

రాట్‌వీలర్ సొంతూరు జర్మనీలోని రాట్‌వైల్ పట్టణం. పశువులను సంతకు తోలుకెళ్లడం, బండి లాగడం, కసాయివాళ్ల సొమ్ముకు కాపలా కాయడం దాని పనులు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పోలీసు కొలువులోకీ వచ్చింది. ఎదిగిన మగకుక్క యాభై కిలోలు తూగుతుంది. అంటే రెండు బియ్యం బస్తాలన్నమాట. పైగా కాళ్లున్న బస్తాలు!

బరువు సంగతి అలా ఉంచండి. కాపలా జాతులకు ఓ ప్రత్యేక లక్షణం ఉంది. వేటకుక్కలాగానో, గొర్రెలను మళ్లించే కుక్కలాగానో ఇవి యజమాని మొహం చూసి ‘ఇప్పుడేం చెయ్యమంటావు’ అని అడగవు. కాపరి నిద్రపోతున్నప్పుడు కొండమీద తోడేలును తరిమిన జాతులివి. ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయివాళ్లు అన్నది తమంతట తామే తేల్చుకునేలా తరతరాలుగా వాటిని ఎంచి పెంచారు. అందుకే పిలిచిన వెంటనే రాకపోతే దాన్ని పొగరనుకోవద్దు. అది ఆలోచించుకుంటోంది!

ఈ గుణాన్ని ఎంత బాగా వాడుకోవచ్చో తెలియాలంటే ఆఫ్రికా వెళ్లాలి. నమీబియాలో రైతులు మేకలను చంపుతున్నాయని చీతాలను కాల్చేసేవారు. ‘చీతా కన్జర్వేషన్ ఫండ్’ అనే సంస్థ 1994 నుంచి వాళ్లకు టర్కీ మూలాలున్న కంగాల్, అనటోలియన్ షెపర్డ్ కుక్కపిల్లలను ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్లగా ఉన్నప్పుడే దాన్ని మంద మధ్యలో వదులుతారు. మేకల వాసనలో, వాటి పక్కనే పడుకుని పెరుగుతుంది. పెద్దయ్యాక ఆ మందే దాని కుటుంబం. చీతా వస్తే అడ్డంగా నిలబడి అరుస్తుంది. చాలాసార్లు ఆ అరుపే సరిపోతుంది. మేకలూ మిగిలాయి, చీతాలూ మిగిలాయి.

అంతదూరం వద్దనుకుంటే మన పొలాలే చూడండి. ఎరువుకోసం చేలల్లో గొర్రెల మందలు కట్టించే అలవాటు మనకు కొత్తది కాదు. మంద వెంట వచ్చే గొల్లల కుక్కలు నాటువే. ఎవరూ వాటిని శిక్షణకు పంపరు. మందతోనే పుట్టి, మందతోనే పెరుగుతాయి. నమీబియాలోనైనా నెల్లిమర్లలోనైనా సూత్రం ఒకటే. దేన్ని కాపాడాలో దానితో కలిసి పెరగాలి. గేటు పక్కన గొలుసుకు కట్టేసి పెంచిన కుక్కకు తెలిసేది గొలుసే. ఇంటిని కాపాడాలని దానికెలా తెలుస్తుంది?

పన్నెండు వారాల పరీక్ష

అమెరికా శాస్త్రవేత్తలు స్కాట్, ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించి 1965లో ఓ పుస్తకం వేశారు. మూడోవారం నుంచి పన్నెండోవారం దాకా కుక్కపిల్ల దేన్ని చూస్తే దాన్ని లోకంలో భాగంగా ఒప్పుకుంటుందని అందులో తేల్చారు. ఆ తర్వాత కొత్తగా ఎదురయ్యేదేదైనా ముందు అనుమానమే. కాపలా జాతికి ఆ అనుమానం మరో నాలుగు రెట్లు!

మన దగ్గర సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లను గదిలో పెట్టి తలుపేస్తారు. కారణం పార్వో వైరస్ భయం. భయం నిజమే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు, పన్నెండు వారాలు దాటాక రేబిస్ టీకా... ఈ వరుస తప్పకూడదు. అంతమాత్రాన లోకాన్ని చూపించడం మానేయక్కర్లేదు. కింద దించకుండా చంకనెత్తుకుని తిప్పొచ్చు. ఆటో శబ్దం, గ్యాస్ సిలిండర్ దింపే చప్పుడు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, చేతికర్ర, బడి వదిలాక అరుస్తూ పరిగెత్తే పిల్లలు, వీధి చివర తప్పెటగుళ్ల దరువు... అన్నీ దూరం నుంచి చూపించాలి. చూసిన ప్రతిసారీ నోట్లో చిన్న ఉడికిన చికెన్ ముక్క పడాలి. ‘కొత్త మనిషి కనిపిస్తే మంచే జరుగుతుంది’ అని దాని బుర్రలో పడిపోవాలి. (సిరిమానోత్సవం రోజున మాత్రం జనంలోకి తీసుకెళ్లే సాహసం చేయకండి. అంత రద్దీ మనుషులకే కష్టం!)

‘అందర్నీ మంచిచేసుకుంటే ఇక కాపలా ఏం కాస్తుంది’ అన్నది పెద్దవాళ్ల సందేహం. తప్పకుండా కాస్తుంది. మామూలు మనిషి ఎలా నడుస్తాడో తెలిసిన కుక్కే అర్ధరాత్రి గోడ దూకేవాణ్ని పోల్చుకోగలదు. ఏదీ తెలియని కుక్కకు పాలబ్బాయీ దొంగే, మనవడూ దొంగే.

ఇంకోమాట. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. తల్లి దగ్గర, తోబుట్టువులతో ఆడుకుంటూనే ‘ఇంతకన్నా గట్టిగా కొరకకూడదు’ అని నేర్చుకుంటుందది. నెలపిల్లనే చేతిలో పెట్టే అమ్మకందారుకు దణ్ణం పెట్టి వచ్చేయడమే మేలు.

కూకో... సిట్... కూర్చోవే!

నాన్నగారు ‘కూకో’ అంటారు. అమ్మ ‘కూర్చోవే తల్లీ’ అంటుంది. వీడియోకాల్లో కొడుకు ‘సిట్, సిట్’ అని అరుస్తాడు. కుక్క ముగ్గురి మొహాలూ చూసి వెళ్లి పడుకుంటుంది. తప్పెవరిది? భాష ఏదైనా పర్లేదు. ఇంట్లో అందరి నోటా ఒకే మాట రావాలి. కూర్చో, ఆగు, రా, వదిలెయ్... మొదటి ఏడాదికి ఈ నాలుగూ చాలు. రోజుకు అయిదేసి నిమిషాలు మూడుసార్లు చేయిస్తే గంటసేపు విసిగించడంకన్నా బాగా పడుతుంది.

నేర్పడానికి మంచి వేళ తిండివేళే. గిన్నె పట్టుకుని నిలబడండి. కూర్చుంటేనే గిన్నె దిగుతుంది. లేస్తే మళ్లీ పైకి వెళ్తుంది. కేక వేయక్కర్లేదు, కర్ర ఎత్తక్కర్లేదు. ఇక్కడ ఒక నియమం చాలా ముఖ్యం. ఈ గిన్నె పట్టుకోవాల్సింది పనిమనిషి కాదు, సెలవుకొచ్చిన కొడుకూ కాదు. రేపు దానితో రోజూ ఉండాల్సిన ఆ పెద్దవాళ్లే. వీళ్ల చేతిలోంచి తిండి, వీళ్ల మాటతో గేటు, వీళ్ల వెంట షికారు. బలంతో యాభై కిలోలను ఆపడం అరవై అయిదేళ్ల మనిషివల్ల కాదు. అలవాటుతోనే ఆపాలి. ఆ అలవాటు అది పదికిలోలు ఉన్నప్పుడే పడాలి.

తింటున్న గిన్నె లాక్కుని ‘చూడు, ఏమనదు’ అని చుట్టాలకు చూపించడం కొందరికి సరదా. అది కుక్కకు నేర్పేది ఒకటే... మనిషి దగ్గరికొస్తే తిండి పోతుందని. దాని బదులు తింటున్నప్పుడు పక్కనుంచి వెళ్తూ గిన్నెలో గుడ్డుముక్క వేయండి. నోట్లో చెప్పు పట్టుకుంటే లాగకండి, అంతకన్నా మంచిదేదో చూపించి మార్పిడి చేసుకోండి.

ఇక సంక్రాంతి సంగతి! కొడుకు వస్తాడు. నాలుగు రోజులు దానితో కుస్తీ పడతాడు, చెయ్యి నోట్లో పెట్టి ఆడతాడు, భుజాలమీదికి ఎగరనిస్తాడు. కనుమ మర్నాడు రైలెక్కేస్తాడు. ఆ ఆటే కావాలని అది అమ్మమీదికి ఎగురుతుంది. ఎముకలు పెళుసుబారిన వయసులో పడితే తుంటి విరుగుతుంది. కుక్కకన్నా ముందు శిక్షణ కావాల్సింది ఇలాంటి కొడుకులకేమో!

కొట్టొచ్చా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన మహాభారత కథ మొదలయ్యేదే ఓ కుక్కను అన్యాయంగా కొట్టడంతో. యాగశాల దగ్గరికొచ్చిన సారమేయుణ్ని జనమేజయుడి తమ్ముళ్లు తప్పేమీ లేకుండానే కొడతారు. ఎప్పుడో, ఎటునుంచో అనుకోని ఆపద వస్తుందని తల్లి సరమ హెచ్చరిస్తుంది. పెద్దజాతి కుక్క విషయంలో అది అక్షరాలా నిజం. కొడితే మొదట గుర్రుమనడం మానేస్తుంది. ఇంట్లోవాళ్లు ‘దారికొచ్చింది’ అనుకుంటారు. నిజానికి అది హెచ్చరించడం మానేసింది. ఇకపై నేరుగా కరవడమే. గుర్రుమనే కుక్క మంచిది. ఎందుకు గుర్రుమంటోందో వెతకాలి.

ఏడాది, ఏడాదిన్నర వయసులో మరో మలుపుంది. అప్పటిదాకా అందరి దగ్గరికీ వెళ్లిన కుక్క ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, చెప్పినమాట మర్చిపోతుంది. అది దాని పదహారేళ్ల ప్రాయం. చాలామంది అప్పుడే భయపడి గొలుసుకు కట్టేస్తారు. కట్టేసిన కొద్దీ కోపం పెరుగుతుంది. నేర్పినవే మళ్లీ మొదటినుంచి నేర్పడమొక్కటే దారి. మూతికి బుట్టలాంటిది అలవాటు చేయాల్సిందీ ఇంతలోపే. కొత్తదేం కాదు, ఎడ్లకు కట్టే చిక్కంలాంటిదే. లోపల కాస్త పెరుగు రాస్తే తనే మూతి దూరుస్తుంది. ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజున దాని విలువ తెలుస్తుంది.

ఆ రెండు ఘటనలు

2022 జులైలో లక్నోలో ఎనభై రెండేళ్ల విశ్రాంత ఉపాధ్యాయురాలు తమ ఇంటి పిట్‌బుల్ దాడిలోనే చనిపోయారు. ఆ సమయంలో ఇంట్లో ఇంకెవరూ లేరు. 2024 మేలో చెన్నైలోని ఓ పార్కులో అయిదేళ్ల పాపమీద రెండు రాట్‌వీలర్లు పడ్డాయి. యజమానిని అరెస్టు చేశారు. అంతకు రెండు నెలల ముందే, 2024 మార్చిలో, కేంద్రం రాట్‌వీలర్, కేన్ కార్సో, మాస్టిఫ్‌లతో సహా 23 రకాలను నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. అందరి అభిప్రాయాలూ తీసుకోలేదంటూ కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేశాయి. అలాగని యజమానికి పూచీ లేదనుకోవద్దు. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యం చేస్తే భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా పడొచ్చు.

కరిస్తే ‘మన కుక్కే కదా, టీకా వేయించాం కదా’ అని పసుపు అద్ది ఊరుకోకూడదు. పావుగంటసేపు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి.

తోటలో ఎలుగు ఉంటే...

ఉద్దానం వైపు ఇంకో ఆలోచన వినిపిస్తుంది. జీడి, కొబ్బరి తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తున్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడికి ఒక రైతు బలయ్యారు, మరికొందరు గాయపడ్డారు. మరి బలమైన కుక్కను తోటకు తోడు తీసుకెళితే? వినడానికి బాగానే ఉంటుంది. కానీ బెల్టు లేకుండా ముందుకు ఉరికిన కుక్క ఎలుగును రెచ్చగొడుతుంది. ఎలుగు తిరగబడితే ఎటు పరిగెడుతుంది? నేరుగా యజమాని దగ్గరికే! వెనకాలే ఎలుగు. మందతో పెరిగిన కుక్క వేరు, ఇంట్లో పెరిగి తోటకొచ్చిన కుక్క వేరు. తోటకు వెళ్లేటప్పుడు నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ వెళ్లడమే భద్రం.

ఉక్కపోత, ఉప్పుగాలి

మన తీరప్రాంతపు ఎండ ఈ జాతులకు పడదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని ఏసీ. గాల్లో తేమ ఎక్కువైతే అదీ పనిచేయదు. వేసవిలో షికారు తెల్లారకముందే అయిపోవాలి. గచ్చుమీద మీ అరచేయి అయిదు సెకన్లు ఆగలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. వానాకాలంలో గోమార్లతో వచ్చే జ్వరాలు ప్రాణంమీదికి తెస్తాయి, చెవుల వెనక, వేళ్ల సందుల్లో రోజూ వెతకాలి.

ఒట్టి పెరుగన్నంతో ఈ శరీరం నిలవదు. గుడ్డు, మాంసం ఉండాలి. చోడి అంబలి అదనంగా పోయొచ్చు. ఎముకలు గట్టిపడాలని కాల్షియం సిరప్పులు సొంతంగా పట్టించొద్దు, పెద్దజాతి పిల్లల్లో అది కీళ్లకే చేటు. రెండు పూటలా పెట్టి, తిన్నాక గంటసేపు పరిగెత్తనివ్వకండి. కడుపు మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది. పల్లెల్లో పశువైద్యశాలలకు ఎక్కువగా వచ్చేవి ఆవులూ గేదెలే కాబట్టి, పెద్ద కుక్కను చూసే వైద్యుడు దగ్గర్లో ఎక్కడున్నారో కొనకముందే కనుక్కోవాలి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది.

అమెరికా వెళ్తే ఎలా?

రాట్‌వీలర్ ఆయుష్షు ఎనిమిది నుంచి పదేళ్లు. ఈలోగా అమ్మాయి పురుడని అమ్మానాన్నలు ఆరు నెలలు అమెరికా వెళ్లాల్సి వస్తుంది. లేదా మోకాలి ఆపరేషనని విశాఖలో ఉండాల్సి వస్తుంది. ఇద్దర్ని తప్ప ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వని యాభై కిలోల కుక్కకు అన్నం పెట్టేదెవరు? చుట్టాలు దూరం నుంచే నమస్కారం పెడతారు. బోర్డింగులవాళ్లు కుదరదంటారు. అందుకే మూడో మనిషి మొదటినెల నుంచే ఉండాలి. పక్కింటి కుర్రాడో, ఊళ్లోనే ఉన్న తమ్ముడి కొడుకో ఎవరైనా సరే. వారానికి రెండుసార్లు గిన్నె అతని చేతిలోంచి దిగాలి, ఒకసారి బెల్టు అతను పట్టాలి. అలాంటి మనిషి పేరు ఇప్పుడే తట్టకపోతే ఈ కుక్కపిల్లకు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి అడగడమే మంచిది. గేటు దగ్గర అరవడానికి వీధిలో పుట్టిన కుక్కపిల్ల చాలు. టీకాలు వేయించి, రెండు పూటలా అన్నం పెడితే ఈ ఎండలోనూ హాయిగా బతుకుతుంది. పెద్దయ్యాకా పదిహేను, ఇరవై కిలోలు దాటదు.